నమ్మకం నిండుకుంది

విదియ కూర్పు

ఇవాళ కూడా మంచు విడవలేదు. పొద్దున లేచి తలుపు తీస్తే పక్కిల్లు లేదు. కాసేపటికి వచ్చింది. మా ఊళ్ళో ఇళ్ళు నీటి మీద తేలుతుంటాయి. ఒకదానికొకటి మోకులతో కట్టి ఉంటాయి కాబట్టి ఎటూ పోవు గానీ, నిద్రలో ఎవరి ఇల్లు ఎటు తిరిగిందో తెల్లారి మంచు పలచబడితే గాని తెలియదు. నిన్న మా గుమ్మం కొండవైపు ఉంది, ఇవాళ సముద్రం వైపు ఉంది. నాకూ గురువులుకూ జరిగిన పోట్లాట విని ఇల్లు మొహం తిప్పుకుందేమో అనుకున్నాను. గురువులు నా మొగుడు. పోట్లాట ఉప్పు గురించి, రాయదగ్గది కాదు.

ఈ పుస్తకం ఎందుకు మొదలుపెట్టానంటే, ఏ రోజు చిలక ఏమందో నాకు కలగాపులగమైపోతోంది. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ గూట్లో ఒక చిలక ఉంటుంది. ముక్కూ రెక్కలూ లేవు, అరచేతిలో పట్టే ఆకుపచ్చ డబ్బా. మనం అన్నది విని పలుకుతుంది కాబట్టి చిలక. ఇంట్లోకి ఏం కావాలో, దాన్ని చేసిన కంపెనీ పడవకు చెప్తుంది. గాలి ఎటు తిరుగుతోందో, కొండ మీద దీపం ఎలా ఉందో వేటకెళ్ళిన పడవల్లోని చిలకలకు చెప్తుంది. మనం ఏమన్నా "అలాగే" అంటుంది. నేను ఇంతవరకూ చూసినవాళ్ళలో అంత వినయం మరెవరికీ లేదు.

దాని లోపలి తెలివిని మార్చి కంపెనీ పంపేదాన్ని కూర్పు అంటారు. కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా తెప్ప వేసుకుని ఇంటింటికీ వెళ్ళి, ఏం మారిందో చెప్పి, భయం లేదని నచ్చజెప్పడం నా ఉద్యోగం. నూకరత్నం అనే పేరు నాకుందని ఊళ్ళో సగం మంది మరిచిపోయారు, చిలకమ్మా అనే పిలుస్తారు. నేను చేరినప్పుడు కూర్పు ఏడాదికొకటి వచ్చేది. ఉగాదికి వచ్చేది కాబట్టి పచ్చడితోపాటు దాన్నీ రుచి చూసి, తీపి ఎంత, చేదు ఎంత అని చెప్పుకునేవాళ్ళం. తర్వాత నెలకొకటి అయింది, పక్షానికొకటి అయింది. ఇప్పుడు తిథికొకటి. అంకెలు ఎవరికి గుర్తుంటాయి, తిథి పేరు పెట్టే పిలుస్తున్నాం.

తదియ కూర్పు

చిలక గొంతు మారింది. నిన్నటిదాకా నడివయసు ఆడమనిషి గొంతు, కొంచెం జలుబు చేసినట్టు ఉండేది. ఇవాళ పెళ్ళికూతురి గొంతు. దానయ్య బాబాయి ఇంటికి వెళ్ళేసరికి ఆయన తన గుమ్మం బయటే నిలబడి, తువ్వాలు ఒంటికి చుట్టుకుంటున్నాడు.

"లోపల ఎవలో ఆడకూతురున్నాది నూకరత్నం. పలకరించింది. నాను సొక్కా ఏసుకోలేదు," అన్నాడు.

చిలకేనని చెప్పాను. గొంతు ఎందుకు మార్చారని అడిగాడు. నాకు తెలియదు, తెలిసినట్టు మొహం పెట్టి, "ఇది ఇంకా బాగా ఇనిపిస్తాది బాబాయ్," అన్నాను.

"నువ్వు సెప్పినావంటే సరే," అని లోపలికి వెళ్ళాడు.

దానయ్య బాబాయి మా నాన్న జతగాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు, ఇంకా ఒక్కడే వేటకు వెళ్తాడు. ఏ కూర్పు వచ్చినా ఊళ్ళో మొదట తీసుకునేది ఆయనే. కంపెనీ మీద ప్రేమతో కాదు, నేను చెప్పానని. మిగతావాళ్ళు ఆయన్ని చూసి తీసుకుంటారు. అంటే నా ఉద్యోగమంతా ఆ ముసలాయన "సరే" మీద నిలబడి ఉంది, మా ఇల్లు నీటి మీద నిలబడ్డట్టు.

చవితి కూర్పు

బియ్యం రాలేదు. కంపెనీ పడవ వచ్చింది, మనిషి లేకుండా దానంతటదే వచ్చే తెల్ల పడవ, మంచులోంచి చప్పుడు లేకుండా వచ్చి, ఊరి మధ్యన కాసేపు నిలబడి, బస్తాలతో సహా వెనక్కి వెళ్ళిపోయింది. కలలో వచ్చిన చుట్టం అలాగే వెళ్ళిపోతాడు, కూర్చోమనేలోపు.

ఎందుకో మధ్యాహ్నానికి తెలిసింది. ఊళ్ళో ప్రతి ఆడదీ చిలకతో అన్నది ఒకటే మాట: "బియ్యం నిండుకున్నాయి." ఇంట్లో బియ్యం అయిపోయాయని ఎవరంటారు? నోరెలా వస్తుంది? పాత చిలకకు ఆ సంగతి తెలుసు, నిండుకున్నాయనగానే బస్తా పంపమనేది. చవితి చిలక మాత్రం ప్రతి ఇంట్లోనూ "సంతోషం" అందట. డబ్బాలు పొంగిపోతున్నాయనుకుంది కాబోలు.

రాత్రికి అందరం ఒట్టి చేపలు తిన్నాం. గురువులు చేప ముల్లు తీసుకుంటూ, "చిలకమ్మా, నా కడుపు నిండుకున్నాదే," అన్నాడు. ఏ అర్థంలో అన్నాడో నేను అడగలేదు, కోపం వచ్చింది.

పంచమి కూర్పు

కంపెనీలో నా పైమనిషి ప్రణవి గారు. ఎప్పుడూ చూడలేదు, చిలకలోంచి మాట్లాడుతుంది. నిజం చెప్పాలంటే మంచి మనిషి. ఊళ్ళో వాడే మాటలన్నీ పాత కూర్పుకు ఎవరో ఓపిగ్గా నేర్పారట, కొత్తది తొందరలో కడుతుంటే ఆ పాఠాలు జారిపోయాయట.

"మళ్ళీ పెట్టండి మరి," అన్నాను.

"పెడతామండీ. వచ్చే కూర్పులో వీలు కాదు, ఆ తర్వాతి దాన్లో చూస్తాం. అందాకా మీ వాళ్ళని ఉన్నదున్నట్టు మాట్లాడమనండి, నూకరత్నం గారూ. చిలక మాటలకి మాత్రం పదానికున్న అర్థమే తీసుకోమనండి." గొంతు తగ్గించి, "మేం కూడా పడుకుని లేచేసరికి కొత్త కూర్పు ఉంటోందండీ. నిన్న దేని మీద పనిచేశానో నాకే గుర్తుండటం లేదు," అంది.

రోజంతా తెప్ప తోసుకుంటూ పాఠం చెప్పాను. ఏదైనా అయిపోతే చిలకతో అయిపోయిందనే అనండి. అది నిండుకుంది అంటే నిండుగా ఉందని. కొండెక్కింది అంటే కొండ మీద ఉందని. మన అర్థం వేరు, చిలక అర్థం వేరు. దానయ్య బాబాయి పీట మీద బాసింపట్టు వేసుకుని, ఎక్కాలు చెప్పినట్టు నాతోపాటు పలికాడు. మూడుసార్లు చెప్పించుకున్నాడు. గురువులుకు ఇంట్లో పడుకునే ముందు చెప్పాను, సగంలో గుర్రు వినిపించింది.

ఆఖర్న కొండెక్కి గైరమ్మ వదిన దగ్గరికి వెళ్ళాను. గురువులుకు అక్క, దీపం ఆవిడ చేతిలో ఉంటుంది. నీళ్ళొచ్చి పల్లమంతా మునిగాక మిగిలిన ఒక్క కొండ ఇది. దీని కింద సముద్రంలో అక్కాచెల్లెళ్ళని రెండు రాళ్ళున్నాయి, పడవలు వాటి మధ్య నుంచే ఊళ్ళోకి రావాలి. మంచుకాలంలో దీపం పగలూ రాత్రీ వెలగాలి. అయినా దాని వెలుగు రాళ్ళ దాకానే కనిపిస్తుంది, అవతలికి కనిపించదు. అందుకని పడవలు బయట ఆగి చిలకను అడుగుతాయి. దీపం ఉందంటే లోపలికి వస్తాయి, లేదంటే లంగరు వేసుకుని బయటే ఉంటాయి. మా నాన్నల కాలం నుంచీ ఇంతే, చిలక ఒక్కటే కొత్త.

వదిన దీపం గాజు తుడుస్తోంది. విషయం చెప్పాను. ఒకవేళ దీపం కొండెక్కితే, ఆరిపోయిందనే అనాలని చెప్పాను.

"ఛీ, నీ నోట్లో నా సెప్పు," అంది వదిన, ప్రేమగానే. "దీపం ముందర నిలబడి ఏటా మాట? పైన తథాస్తు దేవతలుంటారు."

"చిలకకి అర్థం కాదు వదినా."

"చిలకా ఆ దేవతే గదా. ఏటన్నా అలాగే అంటాది. మరి దానితో సెడ్డమాట అనమంటావేటి? నా తమ్ముడు సంద్రం మీదకెళ్ళే మనిషి. ఆ మాట నా నోట రాదు."

అత్తవారింట్లో ఆడపడుచు అర్ధమొగుడన్నారు. వాదించకుండా దిగి వచ్చేశాను.

సప్తమి కూర్పు

అయిపోయాయని చెప్పాక నిన్న బియ్యం వచ్చాయి. చిలక ఇవాళ ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడిగింది: "మా కంపెనీ మీద మీకు నమ్మకం ఎలా ఉంది?"

మర్యాదస్తుల ఊరు. ఇంట్లో కూర్చుని నమ్మకం లేదు అనే అశుభం మాట ఎవరంటారు. నేను చెప్పిన పాఠం ఎటో పోయింది. ఊరు ఊరంతా ఒకటే మాట అంది, నవ్వుతూ కొందరు, ఆవలిస్తూ కొందరు: "నిండుకుందమ్మా."

"సంతోషం," అంది చిలక.

పొద్దు వాలేసరికి ప్రణవి గారు మాట్లాడింది. గొంతులో ఏడుపొచ్చేంత ఆనందం. తీరం మొత్తం మీద మా ఊరికే నమ్మకం ఎక్కువట, పైవాళ్ళు చప్పట్లు కొట్టారట, మా ఊరి పేరు గోడ మీద రాశారట. దానికి బహుమానంగా రేపటి నుంచి మాకు రోజుకు రెండు కూర్పులు.

నేను ఆమెకు ఆ మాట అర్థం చెప్పాను. మంచులో ఎక్కడో తెడ్డు పడిన చప్పుడైంది.

"పైకి వెళ్ళిపోయిందండీ," అంది చివరికి. "గోడ మీద రాసేశారు. మా అమ్మమ్మ కూడా పసుపు నిండుకుంది అనేది. ఎలా మరిచిపోయానో." రేపటి కూర్పులో చూద్దామంది. నాకామె మీద జాలి వేసింది, నా మీద కూడా.

అష్టమి, పొద్దుటి కూర్పు

అష్టమి నాడు వచ్చిందని సగం ఊరు కూర్పును గడప దాటనివ్వలేదు. రేపు నవమి, రేపూ అంతే. కంపెనీలో ఒక్కరైనా పంచాంగం చూసి ఉంటే బాగుండేది.

పడవలు వేటకు వెళ్ళాయి. దూరం వేట, చిలకలకు గట్టు మాటలు అందనంత దూరం. తిరిగి వచ్చేటప్పుడు రాళ్ళ దగ్గరికి చేరాకే మాట అందుతుంది. వెళ్ళేముందు దానయ్య బాబాయి తన పడవను మా గుమ్మానికి ఆనించి అడిగాడు.

"దినానికి రెండు మాట్లు మారతన్నాది గదా. దాని మాట నమ్మొచ్చునా?"

నా నోట్లో రెండు జవాబులున్నాయి. ఆయన మొహం చూస్తే, ఏది చెప్తే అది తీసుకునేలా ఉంది. అవునంటే వెళ్తాడు, కాదంటే ఆగుతాడు, ఆగితే తిండి లేదు.

"నమ్మొచ్చు బాబాయ్. పాఠం గుర్తుంది గదా," అన్నాను.

"ఉన్నాది. నువ్వు సెప్పినావంటే సరే. ఎల్లొస్తానమ్మా."

గురువులు కూడా "ఎల్లొస్తా" అన్నాడు. పోతాను అని ఎవరూ అనరు మా ఊళ్ళో, పక్కింటికి నిప్పు కోసం వెళ్ళినా సరే, వెళ్ళొస్తాననే అంటారు. పడవలు మంచులోకి వెళ్ళాయి. ముందు మనుషులు మాయమయ్యారు, తర్వాత వాళ్ళ మాటలు, ఆఖర్న తెడ్ల చప్పుడు.

దశమి, సాయంత్రం కూర్పు

కలల కాలంలా ఉంది. పొద్దుటి చిలక నన్ను నూకరత్నం గారూ అంది, సాయంత్రం చిలక అక్కా అంది, మధ్యలో కాసేపు అసలు నేనెవరో తెలియనట్టు ఉంది. దానికి ఏం వచ్చో, ఏం రాదో చెప్పమంటారు జనం. చెప్పి ఇల్లు దాటేలోపు మారిపోతోంది. ఇవాళ సన్నాయమ్మ పిన్ని తలుపు తీయలేదు. లోపల్నుంచే, "నిన్న సెప్పింది ఇవాళకి లేదు, ఇవాళ సెప్పేది రేపుకుంటాదా తల్లీ? ఊరికినే అలిసిపోకు," అంది. తిట్టినా బాగుండేది.

వెనక్కి వస్తుంటే నా తెప్పలో నాకే నవ్వొచ్చింది. మార్పు మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. కానీ కోడలు ఇంటికొచ్చాక దాని మనసు తెలియడానికి ఏడాది పడుతుంది. రోజుకు ఇద్దరు కోడళ్ళను తెస్తే ఏ అత్త నమ్ముతుంది? ఈ మాట ప్రణవి గారితో చెప్పాలనుకున్నాను, అప్పటికి చిలక ఆమె పేరు గుర్తుపట్టలేదు.

ఏకాదశి, పొద్దుటి కూర్పు

ఇవాళ్టిది మంగళ కూర్పట. ఈసారి పేరు కంపెనీయే పెట్టింది. మా ఊరి మర్యాద తెలుసుకుని, చిలక ఇకమీద అశుభం పలకకుండా చేశారట. చెడ్డమాట ఏదైనా మనం అన్నా, అది మంచిమాటగా మార్చి అవతలికి చెప్తుంది. నాకు నచ్చింది, అబద్ధం ఎందుకు. మొదటిసారి మమ్మల్ని ఎవరో విన్నట్టనిపించింది. కొండెక్కి వదినకు చెప్పాను.

"అయితే నాను ఏటన్నా దోషం లేదంటావు," అంది వదిన.

"లేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు అనీ వదినా. నోరు దానిది, పాపం దానిది."

వదిన గాజు తుడవడం ఆపి నా మొహం చూసింది. తమ్ముడు సముద్రం మీద ఉన్నాడు, నేను వాడి పెళ్ళాన్ని, ఇద్దరం ఒకే మనిషి కోసం చూస్తున్నాం. "సరే, నీ కోసమని అంటాను," అంది. "అనే అవసరం రాకూడదు గానీ."

ద్వాదశి

ఏ కూర్పో చూడలేదు.

మధ్యాహ్నం వదినకు సద్ది పట్టుకెళ్ళాను. ఎండా లేదు, నీడా లేదు, ఆకాశం నుంచి నీళ్ళ దాకా ఒకటే తెలుపు. పడవలు వచ్చే రోజు. ఇద్దరం మెట్టు మీద కూర్చుని, ముందు గురువులు వస్తాడా, దానయ్య బాబాయి వస్తాడా అని పందెం వేసుకున్నాం. అప్పుడు వెనక చిన్న చప్పుడైంది, గింజ పగిలినట్టు. తిరిగి చూస్తే గాజు వెనక ఏమీ లేదు. తెలుపులో తెలుపు కలిసిపోయింది.

వదిన దీపం మీద పడి తీగలన్నీ పీకి మళ్ళీ తగిలించింది. వెలుగు రాలేదు. గూట్లో చిలక తియ్యగా అడిగింది: "రాళ్ళ దగ్గరికి పడవలు చేరాయి. దీపం ఎలా ఉంది?"

వదిన నోరు తెరిచింది, మూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీసేసింది. జన్మలో అనని మాటను నా కళ్ళల్లోకి చూస్తూ అంది.

"ఆరిపోయింది."

అని, చెంబుతో నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఊసింది.

"అలాగే," అంది చిలక. తర్వాత పడవలతో చెప్పింది, హారతి పాడే గొంతుతో: "దీపం కొండెక్కింది."

పడవల్లో ఉన్నవి అష్టమి చిలకలు. వాటికి ఈ మంగళం తెలియదు. కొండెక్కిందంటే కొండ మీద ఉందనే వాటికి తెలుసు. నేను నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసింది: "సంతోషం. దీపం కొండ మీద ఉంది. పడవలు బయల్దేరాయి."

"కాదు, ఆరిపోయిందని చెప్పు," అన్నాను.

"అలాగే. దీపం కొండెక్కింది."

"రావద్దని చెప్పు."

ప్రయాణంలో ఉన్నవాళ్ళను రావద్దనడం అశుభం కదా. "అలాగే," అంది, "నెమ్మదిగా రండి."

వదిన నన్ను చూస్తోంది. "నాను అన్నాను గదా. నువ్వు అనమన్న మాటే అన్నాను గదా," అంటోంది, మళ్ళీ మళ్ళీ అదే.

మూలనున్న ఖాళీ నూనె డబ్బా తీసుకుని, రాయితో కొట్టడం మొదలుపెట్టాను. వదిన సద్ది గిన్నె బోర్లించి గరిటెతో కొట్టింది. కింద మంచులో కనపడని ఊళ్ళోంచి ఎవరో పళ్ళెం కొట్టారు. సన్నాయమ్మ పిన్ని అయ్యుంటుంది, ఆవిడ చెయ్యి బరువు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. ఊరంతా మోగింది. ఎందుకు కొడుతున్నామో వాళ్ళకు తెలియదు. కొండ మీద ఒక మనిషి కొడుతోంది కాబట్టి కొట్టారు. వదిన గొంతెత్తి తమ్ముడి పేరు పిలిచింది. నేను మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదన్న సంగతి అప్పుడు నాకు గుర్తులేదు.

రాళ్ళ వైపు నుంచి కర్ర విరిగిన చప్పుడు వచ్చింది.

త్రయోదశి

గురువులు వచ్చాడు. దానయ్య బాబాయిని తన పడవలో వేసుకుని వచ్చాడు. బాబాయి పడవ అక్క రాయికి తగిలి రెండు ముక్కలైంది, కాలు విరిగింది. ప్రాణానికి భయం లేదు, కానీ ఇక వేటకు వెళ్ళలేడు. మిగతా పడవలు మా గోల విని బయటే ఆగాయి.

గురువులు పొడిబట్ట కట్టుకున్నాక అడిగాను, నువ్వెలా ఆగావని.

"సిలక రమ్మన్నాది. కానీ దీపం కొండెక్కిందని కూడా అన్నాది. కొండెక్కిందంటే ఏటి, ఆరిపోయిందనే గదా. లంగరు ఏసీసాను. ఆ తరవాత మీ గోల ఇనిపించింది."

"నేను చెప్పిన పాఠం?"

"నాను ఇన్నేదు. పడుకుండిపోయాను గదా," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

నా మాట వినలేదు కాబట్టి నా మొగుడు నాకు మిగిలాడు. ఏడవాలో నవ్వాలో తెలియక అన్నం వడ్డించాను.

పొద్దుగూకే వేళ బాబాయి దగ్గరికి వెళ్ళాను. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నాకూ ఒకపాలి అనిపించింది, ఆరిపోయిందేమోనని. మన మాట అదే గదా," అన్నాడు. "కానీ మన అర్థం తీసుకోవద్దన్నావు. కొండెక్కిందంటే కొండ మీద ఉన్నాదన్నావు. నువ్వు సెప్పినావు గదా అని వచ్చీసాను."

తిట్టలేదు. పాఠం బాగా అప్పజెప్పాననే అనుకుంటున్నట్టున్నాడు. బయటికి వచ్చి మోకు పట్టుకుని నిలబడ్డాను.

పున్నమి

మంచు పలచబడింది. చంద్రుడు ఊళ్ళో ప్రతి రెండిళ్ళ మధ్యా ఒకడున్నాడు.

ప్రణవి గారు మాట్లాడింది. ఏడ్చింది. రెండు కూర్పులూ విడివిడిగా సరిగ్గానే పనిచేశాయట, వాటిని కలిపి చూసే తీరికే ఎవరికీ లేకపోయిందట. ఇవాళే ఇంకో కూర్పు వస్తోంది, అందులో అంతా సరిచేశారు.

"మీరు వెళ్ళి చెప్తే నమ్ముతారండీ," అంది.

"వదిన దీపం బాగుచేసింది, పక్కనే ఒక కంచు పళ్ళెం వేలాడదీసింది. మాకు అది చాలు. ఒక ఏడాది మారకుండా ఉండే చిలక ఉంటే పంపండి, గూట్లో పెట్టుకుని చూస్తాం," అన్నాను. ఆమె పైవాళ్ళను అడుగుతానంది. అడుగుతుందనే అనుకుంటున్నాను.

తర్వాత చిలకతో నా ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాను. ఎవరితోనూ అనని మాట దానితో అన్నాను: "నేను పోతున్నాను."

"అలాగే," అంది చిలక. కంపెనీకి కబురు పంపింది: "నూకరత్నం గారు వెళ్ళొస్తానన్నారు."

నవ్వొచ్చింది. ఉండనీ, ఎదురుచూడనీ.

బియ్యం మూట పట్టుకుని బాబాయి ఇంటికి వెళ్ళాను. అప్పుడే ఆయన చిలక ఆ ప్రశ్న మళ్ళీ అడుగుతోంది, కంపెనీ మీద నమ్మకం ఎలా ఉందని.

"నిండుకుందమ్మా," అన్నాడు బాబాయి.

"సంతోషం," అంది చిలక. దాని అర్థం దానిది.

మూట దింపి, పొయ్యి దగ్గర సర్దుతూ, వెనక్కి తిరగకుండా అడిగాను. "మరి నా మీద, బాబాయ్?"

ఇల్లు నెమ్మదిగా తిరుగుతోంది, వెన్నెల గుమ్మంలోంచి గోడ మీదికి జరిగింది.

"నిండుకుంది," అన్నాడు.

మన అర్థంలోనా, నేను నేర్పిన అర్థంలోనా? రెండూ ఆయనకు తెలుసు, రెండోది నేనే మూడుసార్లు చెప్పించాను. అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కంట్లో నీళ్ళు ఆగలేదు, పొగ అని చెప్పడానికి పొయ్యి కూడా వెలగలేదు. ఎసరు పెట్టి, గంజి వార్చి, ఆయన తిన్నాక కంచం కడిగి గుమ్మం దాకా వచ్చాను.

"రేపు పొద్దున్న వస్తాను బాబాయ్," అన్నాను.

ఎప్పుడూ అనే మాట అంటాడని ఆగాను. అనలేదు. దుప్పటి భుజం మీదికి లాక్కుని, నా వంక చూసి, "సూద్దాం," అన్నాడు.

ఇప్పుడు ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. గురువులు పడుకున్నాడు. రేపు పొద్దున్న వెళ్ళాలి. ఎల్లుండి కూడా వెళ్ళాలి.